ఫోనుకు అర వాటా

పోయిన వారం ధనలక్ష్మిని ఇందుకూరుపేటలో ఫోన్ల షాపు మెట్ల మీద కూలబడి ఉండగా వదిలిపెట్టాం. చేపలు కొని అమ్ముకునే మనిషికి ఫోన్ల షాపులో ఏం పనో, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

మైపాడు పక్కనున్న ఆ పాలెంలో ముత్యాలయ్యకు ఒక పడవ ఉంది. ఆయనే పాలేనికి పెద్దకాపు, అంటే తగువులు తీర్చే పెద్దమనిషి కూడా. ఆ పడవలో వేటకు పోయే ఆరుగురిలో ధనలక్ష్మి మొగుడు మాల్యాద్రి ఒకడు. సముద్రం మీద దారి చూసుకోవడానికి, గాలి కబురు తెలుసుకోవడానికి పడవకో పెద్ద ఫోను కావలసి వచ్చింది. రొక్కం పెట్టి కొనే తాహతు ఎవరికీ లేదు. కంతుల మీద, నెలనెలా కట్టుకునేలా ఇస్తామని షాపువాళ్లు పిలిచి పీట వేశారు గానీ, తీరా చూస్తే మగవాళ్లందరి పేర్లూ పాత అప్పుల్లో చెడిపోయి ఉన్నాయి. మచ్చ లేని పేరు ధనలక్ష్మిది ఒక్కటే. పొదుపు సంఘంలో ఏనాడూ బాకీ నిలపని మనిషి. షాపులో కెమెరా ముందు నిలబడి, వాళ్లు ఆర్పమన్నప్పుడు కళ్లార్పి, ఆమె తన పేరు మీద ఫోను తీసుకుంది. కొత్త వలకు చేసినట్టే దానికీ పసుపు కుంకుమ పెట్టి, ఒక రాత్రి ఇంట్లో దేవుడి పటం ముందు ఉంచి, మర్నాడు తలస్నానం చేసి తీసుకుపోయి ముత్యాలయ్య ఇంట్లో అప్పగించింది. పడవకు, వలలకు, ఇంజనుకు వాటాలు తీసినట్టే ఇకమీదట ఫోనుకూ అర వాటా తీయాలని, ఆ డబ్బు ముత్యాలయ్య దగ్గర ఉంచి కంతులు కట్టాలని అందరూ అనుకున్నారు.

అర వాటా అయితే తప్పకుండా తీశారు. కంతులే కట్టలేదు.

ఒకప్పుడు అప్పిచ్చినవాడు వాకిట్లో కూర్చునేవాడు. ఇప్పుడు మనం కొన్న వస్తువులోనే కూర్చుంటున్నాడు. కంతులు తప్పేసరికి ఎక్కడో ఎవరో మీట నొక్కారు, ఇక్కడ ఫోను మూతపడింది. తెర మీద కంపెనీ నంబరు తప్ప మరేమీ కనబడదు. అంతటితో ఊరుకున్నారా? వసూలు మనిషి సుశీల్ కుమార్, బూట్లలోకి ఇసుక పోకుండా మునివేళ్ల మీద నడుచుకుంటూ ఒడ్డుకొచ్చి, చేపల పాట జోరు మీదుండగా, "కంతులు ఎగ్గొట్టిన ధనలక్ష్మి ఎవరు?" అని అరిచాడు. పాట అంటే అక్కడ వేలం. ఆడవాళ్లు నోటిమాట మీద చేపలు పాడుకుపోయి, అమ్ముకున్నాక మర్నాడు డబ్బు తెచ్చిస్తారు. పేరొక్కటే వాళ్ల పెట్టుబడి. ఆ పేరు కాస్తా ఇసుకలో కలిసిన మరుక్షణం ముత్యాలయ్య లేచి, బాకీ తీరేదాకా ధనలక్ష్మి పాట చెల్లదని తీర్పు చెప్పేశాడు.

సంగతేమిటో తేల్చుకుందామని షాపుకు పోతే, అక్కడ పనిచేసే రెజీనా కంప్యూటర్లో వెతికి, "అక్కా, నీ పేరు మీద ఒకటి కాదు, రెండు ఫోన్లుండాయి," అంది. రెండోది ఇంకా ఖరీదైనది. దాని కంతులు ఒక్కటీ తప్పలేదట. "ఈ రెండో ఫొటో మా షాపులో తీసింది కాదక్కా. లింకు పంపిస్తే ఇప్పుడు ఇంట్లోనే దిగొచ్చు. చూడు, తడి జుట్టుతో ఉండావు. ఎనకాల పచ్చ గోడ." పచ్చ గోడ అనగానే ధనలక్ష్మికి కళ్ల ముందు ముత్యాలయ్య ఇల్లు కనబడింది. పడవకు పూయగా మిగిలిన రంగే ఆ పాలెంలో గోడలకెక్కుతుంది. ఫోను అప్పగించిన రోజు తడి జుట్టుతోనే ఆ ఇంట్లో నిలబడింది. ఆయన కోడలు అందరికీ ఫొటోలు తీసింది కూడా. మెట్ల మీద కూలబడింది అందుకే.

ఇక ఈ పూట సంగతి.

పొద్దు వాలుతోంది. పడవలు వేటకు దిగే వేళ. కేకల మధ్య ఒక్కొక్కటే నీళ్లలోకి జారుతున్నాయి. ముత్యాలయ్య పచ్చ పడవ కూడా ఇసుక దాటి అలల అంచుకు వచ్చింది. ఐదుగురు భుజాలు ఆనించి నెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. మాల్యాద్రి అవతలి పక్క ఇంజను మీద కప్పిన పట్ట ముడి విప్పుతున్నాడు. ముత్యాలయ్య ఒడ్డున నిలబడి, పక్క పడవ వాళ్లతో ఏదో హాస్యమాడుతున్నాడు.

ధనలక్ష్మి కొంగు నడుముకు బిగించి దిబ్బ దిగి వచ్చింది. నెత్తిన గంప లేదు. ఎవరినీ పలకరించలేదు. నేరుగా పడవ ముక్కు దగ్గరికి పోయి, ఇసుకలో పడి ఉన్న మోకు కొస అందుకుని, చేతికి రెండు చుట్లు బిగించి నిలబడింది.

ఆ ఒడ్డున మోకు పట్టడమంటే మాటలు కాదు. పడవలో వాటా ఉన్నవాడికి అన్యాయం జరిగితే, ఆ పడవ నీళ్లలోకి దిగే వేళకు వచ్చి దాని మోకు పట్టుకోవచ్చు. పట్టిన మనిషిని తోయకూడదు, చేతిలోంచి మోకు లాక్కోకూడదు. తగువు తేలేదాకా పడవ కదలకూడదు, అది పెద్దకాపు పడవైనా సరే. అయితే తప్పు మోకు పట్టినవాడి ఇంట్లోనే ఉందని తేలితే మాత్రం, ఏడాదిపాటు ఆ ఇంటికి ఒడ్డుతో సంబంధం తెగినట్టే. వేట లేదు, పాట లేదు. అందుకే దాన్ని పట్టేముందు మగవాళ్లు కూడా ముందూ వెనకా చూసుకుంటారు. ఆడమనిషి పట్టడం ఆ రోజుదాకా ఎవరూ చూడలేదు.

ముత్యాలయ్య మొహంలో నవ్వు ఆరిపోయింది.

"ఏందిమే ఇది? వదులు."

"వదల్ను మామా."

"ఆడోళ్లు మోకు పట్టడం యాడన్నా ఉండాదా?"

"వాటా ఉండే మనిషి పట్టొచ్చని ఉండాది. మొగోడే పట్టాలని ఎవురూ చెప్పలా."

"నీకేం వాటా ఉండాది మే ఈ పడవలో? నీ మొగుడికుండాది. వాణ్ణి పట్టమను."

"ఆయన వాటా ఆయనది. నాది అర వాటా. ఫోనుది."

పడవ చుట్టూ ఉన్నవాళ్లలో ఇద్దరు నవ్వారు. ముత్యాలయ్య కూడా నవ్వబోయాడు గానీ, ధనలక్ష్మి మొహం చూశాక ఆ నవ్వు సగంలోనే ఆగింది. ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఏడ్చి కాదు, రాత్రంతా పళ్లు బిగబట్టుకుని మేలుకుని.

"నవ్వండి. బాగా నవ్వండి," అంది. "వలల వాటా ఎవురికిస్తారు మామా?"

"వలలు ఎవురియ్యో వాళ్లకి."

"ఇంజను వాటా?"

"ఇంజను నాది. నాకే."

"ఫోను ఎవురిది?"

ముత్యాలయ్య తగువులు తీర్చి తీర్చి పండిపోయిన మనిషి, ప్రశ్న ఎటు పోతోందో ఆయనకు అర్థమైంది. "ఫోను అందరిది," అన్నాడు చివరికి.

"అందరిదయితే మొన్న ఆ బూట్లాయన అందరి పేర్లూ ఎందుకు పిలవలేదు?" ధనలక్ష్మి గొంతు ఒడ్డంతా వినబడింది. "ముత్యాలయ్య ఎవురు అన్లేదే! మధుబాబు ఎవురు అన్లేదే! నా ఒక్కదాని పేరే పెట్టి దొంగను పిలిచినట్టు పిలిచినాడే! తిట్లు పడేటప్పుడు ఫోను ధనలక్ష్మిది, వాటా తీసేటప్పుడు అందరిదా? ఇదెక్కడి న్యాయం మామా? నువ్వేగా ఈ పాలేనికి న్యాయం చెప్పేది, చెప్పు!"

నవ్విన ఇద్దరూ తలలు దించుకున్నారు. చేపల దిబ్బ దగ్గర గంప బోర్లించుకుని కూర్చున్న ఆదిశేషమ్మ వక్కాకు ఉమ్మేసి నోరు తుడుచుకుంది. ఒడ్డున చేపలమ్మే ఆడవాళ్లలో పెద్దది ఆమే. ముత్యాలయ్య చొక్కా లేకుండా తిరిగిన వయసునుంచీ ఎరిగిన మనిషి.

"దాని మాటలో తప్పేముందిరా ముత్యాలూ? ఫోను దానిదయితే వాటా దానిదే. వాటా దానిదయితే మోకు పట్టొచ్చు. జవాబు చెప్పి పడవ దింపుకో."

అది తీర్పు కాదు గానీ, ఆదిశేషమ్మ అన్నాక కాదనగలిగిన వాళ్లెవరూ అక్కడ లేరు. పక్క పడవల వాళ్లు కూడా నెట్టడం మానేసి దగ్గరికొచ్చారు.

ధనలక్ష్మి ఇంక ఆగలేదు. "రోజూ తీసిన అర వాటా ఏమైంది? కంతు కట్టమని నీ చేతికిస్తే ఎవురి ఫోనుకు కట్టినావు? నా మొహం పెట్టి ఇంకో ఫోను కొన్నారంట గదా! మీ పచ్చ గోడ ముందర నిలబెట్టి తీసినారంట గదా! ఎవురి చేతిలో ఉండాది అది? నీ కోడలి చేతిలోనా, కొడుకు చేతిలోనా? పిలువు, ఇక్కడికి తెమ్మను. అందరం చూద్దాం."

ముత్యాలయ్య నిజంగానే బిత్తరపోయాడు. "పచ్చ గోడేంది? మా ఇంట్లో ఇంకో ఫోనేంది?"

"నంగనాచి మాటలు చెప్పబాక మామా."

పడవలో అందరికన్నా చిన్నవాడు మధుబాబు. పెళ్లై ఏడాది తిరగలేదు. అంతసేపూ భుజం పడవకు ఆనించే విన్నవాడు ఇప్పుడు నిటారుగా నిలబడ్డాడు. "నాకూ అదే కావాల మామా. ఆరుమందిమి కష్టంలో అర వాటా పక్కన పెట్తానే ఉండావు. మరి ఫోను ఎందుకు సచ్చింది? మొన్న గాలి తిరిగినప్పుడు ఒడ్డునుంచి అందరూ మాకు ఫోను చేస్తానే ఉన్నారంట. మాకు యాడ వినబడింది? మా ఇంటిది రాత్రంతా ఈ ఇసకలోనే కూచోనుంది. ఏదో మా టైము బాగుండి తిరిగొచ్చినాం. ఆ దుడ్లు ఏమైనాయో చెప్పు."

ఆడదాన్నయితే గదమాయించగలడు గానీ, పడవ నెట్టే చేతులు అడిగితే ముత్యాలయ్య ఏం చేయగలడు? ఎడమ చేత్తో మెడ రుద్దుకున్నాడు. సముద్రం వైపు చూశాడు. ముందే దిగిన పడవలు అలలు దాటిపోతున్నాయి. ఆయన పడవ మాత్రం ముక్కు నీళ్లలో, తోక ఇసుకలో పెట్టుకుని ఊగుతోంది.

"నేను ఒక్క రూపాయి తినలా," అన్నాడు. "కొండమ్మ తల్లి మీద ఒట్టు. ఇందుకూరుపేటకు పోయే ఓపిక లేక ప్రతి నెలా మనిషి చేతికిచ్చి పంపించినా. కట్టేసొచ్చినాననే చెప్పినాడు."

"ఎవురి చేతికిచ్చినావు?"

"ఎందుకులే మే. మోకు వదిలి ఇంటికి పో. మంచికి చెప్తుండా."

"ఎవురి చేతికిచ్చినావు మామా?"

"నీ ఇంటాయన చేతికే ఇచ్చినా!" ముత్యాలయ్య అరిచాడు. "అడుగు! అదుగో అక్కడే నిలబడుండాడు!"

అంతమందీ ఒకేసారి పడవ అవతలికి చూశారు. ఇంజను మీద కప్పిన పట్టకు ఉన్నది ఒక్కటే ముడి. ఇంత గొడవ జరిగినా మాల్యాద్రి ఇంకా దాన్నే విప్పుతున్నాడు. వచ్చినప్పటినుంచీ అతడు తన వైపు ఒక్కసారైనా చూడలేదన్న సంగతి ధనలక్ష్మికి అప్పుడు తట్టింది. కోపమంతా ముత్యాలయ్య మీదే పెట్టుకుని, కట్టుకున్న మొగుణ్ణి ఆమె చూడనే లేదు.

"కామాక్షి నాయనా," అంది. గొంతు చాలా మెత్తగా వచ్చింది. ఆ మెత్తదనానికే మాల్యాద్రి వేళ్లు ఆగిపోయాయి. "నిజమేనా?"

అతడు తల ఊపాడు.

"ఏం చేసినావు?"

"కామాక్షి ఫోనుకు కట్టినా."

కామాక్షి వాళ్ల ఒక్కగానొక్క కూతురు. నెల్లూరులో హాస్టల్లో ఉండి నర్సు చదువు చదువుతోంది. ప్రతి సాయంత్రం గంప దించగానే ధనలక్ష్మి తన బటన్ల సెల్లు చెవికి ఆనించుకుని విన్నది ఆ పిల్ల గొంతే. ఆ గొంతు ఏ ఫోన్లోంచి వస్తోందో ఏనాడూ అనుమానపడలేదు.

"పాత వలలు అమ్మి కొన్నానంటివే!"

"పాత వలలు ఎవురు కొంటారే?" మాల్యాద్రి ఇంజను పట్ట వైపే చూస్తూ అన్నాడు. "పాఠాలన్నీ ఫోన్లోనే పంపుతారంట. ఆ పిల్ల ఒక్కదానికే లేదంట. రెండిటికీ కట్టేదానికి చాల్లా. పిల్లది మూతబడితే అక్కడ పదిమందిలో తల కొట్టేసినట్టుంటాది. పడవదయితే ఏముందిలే, ఫోను లేని కాలంలో మా నాయన వేటకు పోలేదా అనుకున్నా."

మధుబాబు ఒక్క అంగలో పడవ చుట్టి వచ్చి అతడి చొక్కా పట్టుకున్నాడు. "ఏముందిలేనా? గాలిలో మేం సచ్చుంటే ఏముందిలేనా?"

"నేనూ అదే పడవలో ఉన్నా గదరా అబ్బయా!"

"నీ ప్రాణం మీద నీకు ఆశ లేకపోతే నువ్వు సావు! మా ప్రాణాలు నీ కూతురి ఫోనుకు జమ కట్టమని ఎవురు చెప్పినారు నీకు?"

తక్కినవాళ్లు విడదీశారు. ధనలక్ష్మి అడ్డుపడలేదు. మధుబాబు అతణ్ణి రెండు దెబ్బలు కొట్టినా అడ్డుపడేది కాదు. ఆమె ఒళ్లంతా మండుతోంది. ఇంట్లో ఇంత పెట్టుకుని, పక్కనే పడుకుని, తను ఏడుస్తుంటే మంచినీళ్లు తెచ్చిచ్చి, "ఆ ముత్యాలయ్య ఏందో చేసుంటాడులే" అన్న మనిషి! ఆ మాట పట్టుకునే కదా తను ఈ రోజు ఒడ్డుకొచ్చింది!

ముత్యాలయ్యకు ప్రాణం లేచొచ్చింది. భుజాన కండువా సర్దుకుని గొంతు సవరించుకున్నాడు. "విన్నారు గదా అందరూ? తప్పు మోకు పట్టినదాని ఇంట్లోనే తేలింది. ఇంక కట్టుబాటు ఏందో నేను చెప్పనక్కర్లా. ఏడాదిపాటు ఆ ఇంటికి ఒడ్డు లేదు. వదులమ్మా మోకు. పొద్దు పోతా ఉండాది."

ధనలక్ష్మి వదల్లేదు. చేతికి చుట్టిన మోకు ఒరుసుకుని తోలు లేచిపోతున్నా, ఇంకో చుట్టు బిగించింది.

"నా ఇంటి తప్పు లేదన్లా మామా. ఉండాది. దానికేం చెయ్యాల్నో చెయ్యండి. కానీ నాకు ఒక్క మాట చెప్పు. ఆ దుడ్లు యాడికి పోతుండాయో నీకు ముందే తెలుసా?"

"తెలిస్తే మాత్రం? ఇంటి గుట్టు బయటెయ్యడం ఎందుకని ఊరుకున్నా."

నోట్లోంచి వచ్చాక గానీ అది ఎంత మాటో ఆయనకు తెలియలేదు.

"తెలుసు!" ధనలక్ష్మి అరిచిన అరుపుకు ఆదిశేషమ్మ కూడా గంప మీదనుంచి లేచి నిలబడింది. "తెలిసే ఊరుకున్నావు! పడవలో ఉండే ఫోను సస్తుందని తెలిసీ మనుషుల్ని సముద్రం మీదికి పంపించినావు! అంత తెలిసినోడివి, ఆ బూట్లాయన నన్ను నానా మాటలంటా ఉంటే, ఇది తిన్న దుడ్లు కావయ్యా అని ఒక్క మాట అన్లేదే! పైగా నా పాట చెల్లదంటివే! ఇంటి గుట్టు కాపాడేవోడు ఇంటిదాని నోట్లో మన్ను కొడతాడా? ఎందుకు కొట్టినావో నేను చెప్పనా?"

"ధనలక్ష్మీ, నోరు అదుపులో పెట్టుకో."

"ఐసు లారీలో చేపలు కొనుక్కుపోయే ఆ ఆసామి కోసం కొట్టినావు! నేను పోటీ పాడతానని గదా ఆయనకు నా మీద కంటు! నా నోరు మూయించినాక ఈ ఒడ్డున ఆయన మాటే పాట. మధుబాబూ, మొన్నటినుంచి మీ వంజరం చేప ఎంతకి పోతా ఉండాది?"

లెక్క మధుబాబు మొహంలోనే కనబడింది. "అంతకు ముందు దాంట్లో సగం," అన్నాడు మెల్లగా. తర్వాత పళ్లు కొరుకుతూ ముత్యాలయ్య వైపు తిరిగాడు. "సీజను కాదంటివే మామా. నెల్లూర్లో రేటు పడిందంటివే."

ముత్యాలయ్య చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఆరుగురి కష్టం సగానికి అమ్మించి, ఆ ఆసామి దగ్గర ఆయనకు ముట్టిందేమిటో ఎవరూ అడగనక్కర్లేకపోయింది. మధుబాబు వచ్చి ధనలక్ష్మి వెనక నిలబడి మోకు పట్టుకున్నాడు. అతడి వెనక ఇంకొకడు పట్టుకున్నాడు. చూస్తుండగానే మాల్యాద్రి ఒక్కడు తప్ప పడవ మనుషులంతా మోకు మీద చేతులు వేశారు. సొంత పడవ మనుషులే మోకు పడితే ఇక ఆ పడవ ఎవరిది? ముత్యాలయ్య మొహం పాలిపోయింది. ధనలక్ష్మి గుండెల్లో మొన్నటినుంచీ గడ్డకట్టుకుని ఉన్నదేదో రవంత కదిలింది. తన పేరు తనకు తిరిగి వస్తున్నట్టే అనిపించింది.

మాల్యాద్రి కూడా వచ్చాడు. ఆమె చేతి పక్కనే మోకు మీదికి చెయ్యి చాచాడు.

"నువ్వు ముట్టుకోబాక," అంది.

అతడి చెయ్యి గాలిలోనే ఆగింది. "తిట్టు. కొట్టు. నేను పడతా," అన్నాడు ఆమెకు మాత్రమే వినబడేలా. "కానీ ఈ పూట పడవ పోనీ. రేపే కామాక్షి ఫోను కంతు. ఈ వేట దుడ్లు చేతికి రాకపోతే అదీ మూస్తారు. నీ దగ్గరికొచ్చినోడే దాని నంబరు పట్టుకుని కాలేజీకి పోతాడే. ఇక్కడ నీ పేరు పెట్టి అరిచినట్టే అక్కడ అరుస్తాడు. నువ్వు తట్టుకున్నావు, పిల్ల తట్టుకుంటాదా?"

ధనలక్ష్మికి ఆ రోజు ఒడ్డున పడిన ఒక్కొక్క మాటా మళ్లీ చెవుల్లో పడింది. మూగిన జనం, పక్కకు తిరిగిన తోటి ఆడవాళ్ల మొహాలు, ఇసుకలోకి కూరుకుపోతే బాగుండునని అనిపించిన ఆ ఘడియ. అదంతా తెల్ల కోటు వేసుకుని పుస్తకాలు గుండెకు హత్తుకుని నడిచే తన పిల్లకు! మోకు వదిలితే పడవ పోతుంది, కంతు కడతారు, పిల్ల పరువు నిలుస్తుంది. కానీ రేపటినుంచి ఈ ఒడ్డున ధనలక్ష్మి అనే మనిషి ఉండదు. వెనక చేతులు వేసినవాళ్లకు మళ్లీ నోరెత్తే మొహమూ ఉండదు.

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ముత్యాలయ్య కూడా ఆశగా చూస్తున్నాడు.

ఆమె ఎడమ చేత్తో రొంటిన దోపిన సెల్లు తీసింది. కుడి చెయ్యి మోకు మీదే ఉంది. బొటనవేలితో బటన్లు నొక్కింది. ఆ సెల్లులో మాట్లాడితే పది అడుగుల దూరానికి వినబడుతుంది. వినబడనీ అనుకుంది. దాచిందంతా చాలు.

"అమ్మా! ఇంకా పొద్దు కూడా పోలేదే, అప్పుడే చేసినావే!" కామాక్షి గొంతు నవ్వుతూ వచ్చింది.

"చెప్పేది విను తల్లీ. రేపు నీ ఫోను మూస్తారు. ఎవురో ఒకాయన నీ కాలేజీకొచ్చి పదిమందిలో అరిచినా అరుస్తాడు. నువ్వు తల దించబాక. అది మా అమ్మ పేరు మీద ఉండే ఫోను, మా అమ్మకు చెప్పకుండా, మా అమ్మ మొహం దొంగిలించి కొన్నారు అని ఆయన మొహం మీదే చెప్పు. తప్పు నీది కాదు. మీ నాయనది."

సముద్రం హోరు తప్ప ఒడ్డున ఏ చప్పుడూ లేదు.

"కామాక్షీ? ఇంటున్నావా?"

"నాయనది కాదమ్మా." ఆ గొంతులో నవ్వు ఇప్పుడు లేదు. "నాయన వద్దనే అన్నాడు. నేనే ఇనలా. పడవ ఫోను మనింట్లో పెట్టుకున్నామే, నేను సెలవుకు వచ్చుంటి, ఆ పొద్దు నువ్వు తలకు పోసుకుని వంటింట్లోకి వచ్చినావు. కళ్లార్పమ్మా, ఫొటో భలే వస్తాది అన్లా? నా ఫోను లింకుకు తీసింది నేనేనమ్మా."

వంటింట్లో, పొయ్యి వెనక గోడ! పడవకు పూయగా డబ్బా అడుగున మిగిలిన పచ్చ రంగును మాల్యాద్రి తెచ్చి పూసిన గోడ. తుండుతో జుట్టు పిండుకుంటూ ఆ గోడ ముందే నిలబడింది. ఇంకోతూరి ఆర్పమ్మా, ఇంకోతూరి, అని పిల్ల మారాం చేస్తుంటే మురిసిపోయి ఆర్పింది.

"అమ్మా? అమ్మా, మాట్లాడమ్మా..."

చుట్టూ ఉన్నవాళ్లంతా విన్నారు. ధనలక్ష్మి సెల్లు చెవినుంచి దించలేదు. ఒక అల వచ్చి పడవ ముక్కును ఎత్తి కుదేసింది. చేతిలో మోకు ఒక్కసారిగా బరువెక్కింది. వెనకున్న చేతుల్లో ఒకటి వదిలేసింది. అది ఎవరిదో తిరిగి చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది.